కరెంటు బిల్లు మీద అపోహలు, మీటరు చెప్పే వాస్తవాలు

కావలిలో ఇళ్లకు వైరింగు పని చేస్తాను. ఎండలు ముదిరాక నాకొచ్చే ఫోన్లలో సగం బిల్లు గురించే. వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో జనం ఆపుతున్నది ఒకటి, కరెంటు తింటున్నది ఇంకొకటి. తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "ఫ్యాను రెండులో పెట్టుకుంటే చాలన్నా, కరెంటు మిగులుద్ది."

వాస్తవం: అది గోడ మీదున్న రెగ్యులేటరును బట్టి ఉంటుంది. పెట్టెలా లావుగా ఉండి, తిరిగేకొద్దీ వేడెక్కే పాత రెగ్యులేటరైతే ఫ్యాను నెమ్మదిస్తుంది కానీ, తగ్గాల్సిన కరెంటులో చాలాభాగం ఆ పెట్టెలో వేడిగా పోతుంది. చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటరైతే నిజంగానే తగ్గుతుంది. అయితే అంతకన్నా పెద్ద తేడా ఫ్యానులోనే ఉంది. మామూలు పాత ఫ్యాను సుమారు 75 వాట్లు. మన నెల్లూరు ఎండలకు రోజుకు 16 గంటలు తిరగని ఫ్యాను ఏ ఇంట్లో ఉంది? వెయ్యి వాట్లు గంటసేపు కాలితే ఒక యూనిటు. అంటే ఈ ఫ్యానుకు రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36. తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటరున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లకు అటూ ఇటూ ఉంటుంది, అంతేసేపు తిరిగినా నెలకు 14 యూనిట్ల చిల్లరే. మూడు ఫ్యాన్ల ఇంట్లో తేడా 60 యూనిట్లు దాటుతుంది. అన్నీ ఒకేసారి మార్చలేకపోతే, రాత్రంతా తిరిగే పడగ్గది ఫ్యానుతో మొదలుపెట్టండి.

అపోహ: "225 దాటితే మొత్తం బిల్లు పై రేటుకే ఏస్తారు."

వాస్తవం: ఇది పాత భయం. మన ఆంధ్రప్రదేశ్‌లో అప్పట్లో వాడకాన్ని బట్టి ఇళ్లకు ఏ, బీ, సీ అని గ్రూపులుండేవి. 2022లో వాటిని తీసేశారు. అప్పుడు పెట్టిన రేట్లలో 126 నుంచి 225 దాకా యూనిటు 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8.75. దాటిన యూనిట్లకే ఆ పై రేటు పడుతుంది. కాబట్టి మీరు మిగుల్చుకునే ప్రతి యూనిటూ బిల్లులో అన్నిటికన్నా ఖరీదైన కొస నుంచే తగ్గుతుంది. వేసవిలో 300 యూనిట్లు కాల్చే ఇంట్లో పైన చెప్పిన 60 యూనిట్లంటే ఆ రేట్ల లెక్కన నెలకు 525 రూపాయలు.

అపోహ: "ఏసీ 18లో పెడితే గది తొందరగా చల్లబడుద్ది."

వాస్తవం: మామూలు ఏసీలో కంప్రెసర్ 18లో పెట్టినా 24లో పెట్టినా ఒకే బలంతో తిరుగుతుంది. 18లో పెడితే ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, అంతే. 25లో పెట్టి, ఫ్యాను చిన్నగా వేసుకుని చూడండి. ఇంకో మాట: ఇన్వర్టర్ ఏసీ అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేది, కరెంటు పోయినా నడిచేది కాదు. అలా అనుకుని కొన్నవాళ్లను చూశాను.

ప్లగ్గులో పెడితే బిల్లు తగ్గుతుందని అమ్మే 'పవర్ సేవర్' డబ్బాలు దయచేసి కొనకండి. ఒకటి విప్పి చూశాను, లోపల ఒక కెపాసిటరు, ఒక చిన్న లైటు ఉన్నాయి. ఇంటి మీటరు లెక్కపెట్టే యూనిట్లను కెపాసిటరు తగ్గించదు. కష్టపడి సంపాదించిన డబ్బు ఇలా పోతుంటే నాకు బాధేస్తుంది.

ఫ్రిజ్ రాత్రి ఆపి పొద్దున వేయడం వల్ల కూడా మిగిలేది దాదాపు ఏమీ లేదు, పైగా పాలు విరుగుతాయి. తలుపు రబ్బరు వదులైతే మాత్రం మార్పించండి.

అపోహ: "అన్నీ ఆపేసే ఉంచాం, మీటరే స్పీడుగా తిరుగుతా ఉంది."

వాస్తవం: మీటరును అనే ముందు ఒక పని చేయండి. మెయిన్ ఆన్‌లోనే ఉంచి ఇంట్లో అన్ని స్విచ్‌లూ ఆపండి. ఫ్రిజ్, టీవీ డబ్బా, బ్యాటరీ ఇన్వర్టర్ ప్లగ్గులు పీకేయండి. ఇప్పుడు మీటరు మీది చిన్న లైటును అయిదు నిమిషాలు గమనించండి. ఇంకా మిణుకుతుంటే కరెంటు ఎక్కడో పోతున్నట్టే. ఒక ఇంట్లో ఇలాగే చూస్తే, బోరు మోటరు స్టార్టరుకు వెళ్లే వైరు ఇన్సులేషన్ పోయి తడి గోడకు తగులుతోంది. పిల్లలు రోజూ కాళ్లు కడుక్కునేది ఆ గోడ పక్కనే. లైటు మిణుకుతుంటే గోడలూ పైపులూ ముట్టుకోకుండా, మెయిన్ ఆపేసి, అదే రోజు పని తెలిసినవాళ్లను పిలవండి.