పాత లేసు నమూనాలు ఉచితంగా దొరికాయా? వాడే ముందు ఇవి తెలుసుకోండి: అపోహలు - వాస్తవాలు

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు కొక్కెం సూదితో క్రోషె లేసు అల్లే ఇళ్ళకి పాత నమూనాలు కొత్తేమీ కాదు. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీలు ఇక్కడి ఆడవాళ్ళకి ఈ పని నేర్పినప్పటి నుంచీ యూరప్ పువ్వులు, యూరప్ అంచులు మన చేతుల్లో తిరుగుతూనే ఉన్నాయి. కాకపోతే అప్పట్లో అల్లిన ముక్కే చేతికిచ్చి ఇలా అల్లమనేవాళ్ళు, ఇప్పుడు ఫోన్‌కి పీడీఎఫ్ వస్తోంది. వందేళ్ళ కిందటి పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో, యాంటిక్ ప్యాటర్న్ లైబ్రరీలో, ఇలాంటి సైట్లలో పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. మనలాంటి వాళ్ళకి అది పెద్ద నిధి, అందులో నాకు ఏ సందేహమూ లేదు. కానీ వాటి మీద మన మధ్య తిరిగే మాటల్లో సగం తప్పు. శాంపిళ్ళు అల్లుతూ, కొత్తవాళ్ళకి నేర్పుతూ ఎక్కువగా వింటున్నవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నెట్‌లో ఉచితంగా ఉందంటే ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు.

లేదండీ. డబ్బు అడగకపోవడం వేరు, హక్కులు అయిపోవడం వేరు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవాళ్ళు, గీసినవాళ్ళు పోయాక ఇంకో 60 ఏళ్ళు హక్కు నడుస్తుంది. పేరు లేకుండా అచ్చయిన వాటికైతే అచ్చయినప్పటి నుంచి 60 ఏళ్ళు. ఒకావిడ 1950లో పోయిందనుకోండి, ఆవిడ నమూనా మీద హక్కు ఇక్కడ 2010 చివరితో ముగిసింది. 1980లో పోయిన ఆవిడదైతే 2040 దాకా ఉంటుంది. అమెరికాలో ఆ కాలపు పుస్తకాలకి లెక్క వేరు, అచ్చయిన ఏడు నుంచి 95 ఏళ్ళు, కాబట్టి అక్కడ 1920లలో అచ్చయినవన్నీ ఇప్పుడు స్వేచ్ఛగా వాడుకోవచ్చు. తెరేజ్ ద డిల్మాంట్ 1886లో తెచ్చిన కుట్టుపనుల విజ్ఞాన సర్వస్వం లాంటివి ఏ బెంగా లేకుండా తీసుకోవచ్చు, ఆవిడ పోయిందే 1890లో. మొదలుపెట్టేవాళ్ళకి నేను ముందు చెప్పేది కూడా అదే, ఎందుకంటే క్రోషె, ఎంబ్రాయిడరీ, టాటింగ్ (చిన్న కండెతో ముడులు వేసి చేసే లేసు), అల్లిక అన్నీ ఒక్కచోట బొమ్మలతో ఉంటాయి.

చిక్కంతా 1960ల నుంచి 80ల దాకా వచ్చిన దారం కంపెనీల చిన్న పుస్తకాలతోనే. చూడ్డానికి పాతగా ఉంటాయి, కాగితం పసుపెక్కి ఉంటుంది, ఎవరో స్కాన్ చేసి పెడతారు, వాట్సాప్ గ్రూపులో అందరికీ పంపేస్తాం. పాతబడినంత మాత్రాన హక్కు పోదు, అలాంటివి చాలావరకు ఇంకా ఎవరో ఒకరి సొత్తే. ఈరోజు బతికున్న డిజైనర్ తన పేజీలో ఉచితంగా పెట్టిన నమూనా సంగతీ ఇంతే. చూసి అల్లుకోవడానికే ఇచ్చింది, ఆ పీడీఎఫ్‌ని దింపి మన పేరుతో పంచుకోవడానికి కాదు. నచ్చితే లింకు పంపండి. "సొంత వాడకానికి మాత్రమే" అని రాసి ఉంటే అల్లి అమ్మే ముందు ఒక్క మెయిల్ పెట్టి అడగండి, అడిగినవాళ్ళకి సంతోషంగా ఒప్పుకునేవాళ్ళు ఎందరో ఉన్నారు. ఇంకో సంగతి, పుస్తకం హక్కు అయిపోయినా దాన్ని స్కాన్ చేసి శుభ్రం చేసిన సైటు తన ఫైలుకి షరతులు పెట్టి ఉండొచ్చు, ముఖ్యంగా ఆ ఫైలునే అమ్మకూడదని. మొదటి పేజీ, చివరి పేజీ చదవకుండా దాటిపోకండి.

అపోహ: క్రోషె పదాలు ఎక్కడైనా ఒకటే, ఇంగ్లీషు చదవడం వస్తే అల్లేయొచ్చు.

దారం, టైము ఎక్కువగా పోయేది ఇక్కడే. అమెరికా వాళ్ళు సింగిల్ క్రోషె అనే కుట్టుని బ్రిటన్ వాళ్ళు డబుల్ క్రోషె అంటారు. అమెరికా డబుల్ అంటే బ్రిటన్ ట్రెబుల్, అమెరికా ట్రెబుల్ అంటే బ్రిటన్ డబుల్ ట్రెబుల్. పాత బ్రిటిష్ పుస్తకాల్లో సింగిల్ అని కనిపిస్తే అది మనం స్లిప్ స్టిచ్ అనేదే. ఒక మెట్టు తేడా వస్తే చాలు, బల్ల మీద పరుచుకోవాల్సిన డాయిలీ (గుండ్రటి చిన్న లేసు గుడ్డ) గిన్నెలా ముడుచుకుంటుంది, లేదా అంచంతా ఆకుమడతల్లా అలలు లేస్తుంది.

పుస్తకం ఎక్కడిదో చెప్పకపోయినా కనిపెట్టొచ్చు. ముందు అచ్చయిన ఊరు చూడండి, లండన్ అయితే బ్రిటన్ పద్ధతి, న్యూయార్క్ అయితే అమెరికా పద్ధతి అయ్యే అవకాశం ఎక్కువ. కుట్టు వదిలేయమనడానికి "మిస్" అని రాస్తే బ్రిటన్, "స్కిప్" అని రాస్తే అమెరికా. బిగువు గురించి "టెన్షన్" అంటే బ్రిటన్, "గేజ్" అంటే అమెరికా. వీటన్నిటికంటే నేను నమ్మేది వరస మొదట్లో వేయమన్న గొలుసులు: 3 గొలుసులు వేసి డబుల్ క్రోషె మొదలుపెట్టమంటే అది అమెరికా డబుల్, ఒక్క గొలుసు వేసి డబుల్ క్రోషె అంటే బ్రిటన్ డబుల్. గొలుసు పొడవు ఆ వరస ఎత్తుకి సరిపోవాలి కదా, అందుకే ఇది అంత తేలిగ్గా మోసం చేయదు. బొమ్మ ఉంటే పెద్దది చేసి కుట్టు ఎత్తు చూడండి, అది ఇంకా మంచిది.

మరీ పాత నమూనాలు, 1840లు 50ల నాటివి, కొన్నిటిలో వరస చివర తిప్పడం ఉండదు. ప్రతి వరసకీ దారం తెంపి మళ్ళీ కుడివైపు నుంచే మొదలుపెడతారు. అది రాసి ఉండదు కూడా, అప్పటివాళ్ళకి తెలిసిన సంగతే కాబట్టి రాయలేదు. మన పెద్దవాళ్ళు కూడా అంతే కదా, "ఇక్కడ ముడెయ్యి" అంటారు గాని ఎన్నో గొలుసు దగ్గరో చెప్పరు. అలాంటప్పుడు మామూలుగా తిప్పి అల్లితే పువ్వు ఉల్టా సీదా కలిసిపోయి కనిపిస్తుంది. నమూనా తప్పని పక్కన పడేయకండి, ఒక్కసారి తెంపి అల్లి చూడండి.

అపోహ: అచ్చులో ఉన్నదంటే లెక్క కరెక్టే.

కాదు. అచ్చుతప్పులు బోలెడు ఉంటాయి, స్కాన్‌లో 3కి 8కి తేడా తెలియదు, పైగా ఫోన్‌లో అక్షరాలు గుర్తించే యాప్‌తో తీస్తే ఇంకా కలగాపులగం అవుతుంది. అల్లే ముందు కాగితం పెన్ను తీసుకుని రిపీట్ లెక్క, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే భాగం లెక్క చూడండి. చుక్క గుర్తు నుంచి చుక్క గుర్తు దాకా ఎన్ని కుట్లు వాడుతోంది, కింది వరసలో అన్ని ఉన్నాయా? గుండ్రంగా పెరిగే వాటికి ఒక మోటు లెక్క ఉంది. చదునుగా పరుచుకోవాలంటే ఒక్కో చుట్టుకి అమెరికా సింగిల్ అయితే 6 చొప్పున, డబుల్ అయితే 12 చొప్పున పెరగాలి. అంతకంటే బాగా తక్కువైతే ముడుచుకుంటుంది, ఎక్కువైతే అలలు. మధ్యలో గొలుసుల జాలీ వస్తే ఈ లెక్క కాస్త వదులవుతుంది గాని, తప్పు ఏ చుట్టులో మొదలైందో పట్టించడానికి చాలు.

అపోహ: నమూనాలో చెప్పిన నంబరు సూది, నంబరు దారమే కావాలి, లేకపోతే పని అవదు.

దారం సంగతి తేలిక. నంబరు పెరిగేకొద్దీ సన్నం, 20 కంటే 40 సన్నం, 40 కంటే 60 సన్నం, ఇది అప్పుడూ ఇప్పుడూ ఒకటే. పాత పుస్తకం 80, 100 నంబర్లు అడుగుతుంది. అవి దొరక్కపోతే 40తో అల్లండి, పెద్దదవుతుంది, అంతే. డాయిలీకి ఫరవాలేదు, జాకెట్టు చేతికి వేసే అంచు అయితే ముందే కొలుచుకోవాలి. సూది నంబర్లు మాత్రం నమ్మకండి. ఉక్కు సూదుల్లో అమెరికా 6 అంటే దాదాపు 1.6 నుంచి 1.8 మిల్లీమీటర్లు, జపాన్ 6 అంటే 1.0 మిల్లీమీటరు, పాత బ్రిటిష్ నంబర్లు మళ్ళీ వేరు. మిల్లీమీటర్లే చూడండి, లేదా రెండు వేళ్ళంత ముక్క అల్లి తడిపి, పిన్నులతో లాగి కట్టి, ఆరాక కొలవండి. తడపకుండా కొలిచిన కొలత పాత లేసుకి పనికిరాదు, ఎందుకంటే ఆ రోజుల్లో ఫొటో తీసేది గంజి పెట్టి సాగదీశాకే. అన్నట్టు వానాకాలం మన వైపు తేమకి ఉక్కు సూది తుప్పు పట్టి తెల్ల దారానికి మరక అంటిస్తుంది, పని ఆపేటప్పుడు సూదిని ముక్కలోనే గుచ్చి వదిలేయకండి.

అపోహ: ఎంబ్రాయిడరీ గ్రాఫు ఎంబ్రాయిడరీకే, క్రోషె గ్రాఫు క్రోషెకే.

పాత పుస్తకాల్లో నాకు బాగా ఇష్టమైన పేజీలు గళ్ళ కాగితం మీద గీసిన బొమ్మలు. గ్రాఫుకి ఇంగ్లీషు కూడా అక్కర్లేదు. క్రాస్ స్టిచ్ (గుడ్డ మీద గడికో ఇంటూ గుర్తులా కుట్టేది) కోసం గీసిన నెమలి, గులాబీ అలాగే ఫిలే క్రోషెకి, అంటే గళ్ళు గళ్ళుగా అల్లే లేసుకి వస్తాయి, నిండిన గడి దగ్గర నిండుగా అల్లాలి, ఖాళీ గడి దగ్గర రెండు గొలుసులు. లెక్క ఇలా ఉంటుంది, అమెరికా డబుల్‌తో అల్లితే గళ్ళ సంఖ్యని 3తో హెచ్చించి 1 కలపాలి. 30 గళ్ళ వెడల్పు అంటే 91 కుట్లు. మొదలుపెట్టే గొలుసు మాత్రం మొదటి గడి నిండుదైతే 93, ఖాళీదైతే 95. క్రాస్ స్టిచ్‌కి ఇంకా సులువు, అంగుళానికి 14 గళ్ళున్న గుడ్డ మీద 140 గళ్ళ బొమ్మ 10 అంగుళాలు వస్తుంది.

ఫిలేలో ఒక జాగ్రత్త, మన చేతి బిగువుని బట్టి గడి నలుచదరంగా రాకపోవచ్చు, బొమ్మ నిలువుగా సాగినట్టో అణిగినట్టో కనబడుతుంది. పది గళ్ళు అడ్డం, పది గళ్ళు నిలువు అల్లి కొలిస్తే తెలిసిపోతుంది. పెళ్ళి తోరణాల మీద పేర్లు అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు కదా, పాత పుస్తకాల్లో ఇంగ్లీషు అక్షరాల గ్రాఫులు పుష్కలంగా ఉంటాయి, 5 గళ్ళ వెడల్పు, 7 గళ్ళ ఎత్తులో సరిపోతాయి. తెలుగు అక్షరం ఆ కొలతలో ఇమడదు. సున్నా, తలకట్టు, కింద ఒత్తు, అన్నీ తెలియాలంటే చాలా పెద్ద గడి కట్టు కావాలి. తెలుగు పేరు ఒప్పుకునే ముందు గళ్ళ కాగితం మీద గీసి చూపించి, తోరణం ఎంత వెడల్పు అవుతుందో చెప్పండి.

అపోహ: పాత ఇస్త్రీ ట్రాన్స్‌ఫర్ షీటు ప్రింటు తీసి గుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చేస్తే చాలు.

మామూలు ప్రింటర్ ఇంకు అలా దిగదు. పైగా ఆ షీట్లు అద్దంలో చూసినట్టు తిరగేసి అచ్చయ్యేవి, అక్షరాలుంటే తిప్పుకోవాలి. ట్రేసింగ్ పేపర్ మీద గీసి, సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన జింక్ పౌడర్ రుద్దడమే మనకి అలవాటైన దారి, మగ్గం వర్క్ చేసేవాళ్ళని అడిగితే చూపిస్తారు. ప్రింటు తీసేటప్పుడు "పేజీకి సరిపెట్టు" అన్నది తీసేసి నూరు శాతానికి పెట్టండి, అమెరికా కాగితం కొలత, మన ఏ4 కొలత ఒకటి కావు.

అపోహ: నరసాపురం లేసుకి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, ఇక పాత డిజైన్లన్నీ మనవే.

2024లో నరసాపురం క్రోషె లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, గర్వపడాల్సిన విషయమే. కానీ అది కాపాడేది పేరుని. ఇంకెక్కడో తయారైన లేసుని ఆ పేరుతో అమ్మకుండా ఆపుతుంది. ఫలానా పువ్వు, ఫలానా అంచు ఎవరిదన్నది ఆ చట్టం చూడదు. ఐర్లండ్‌లో కరువు రోజుల్లో బతుకుతెరువుగా పెరిగిన గులాబీ నమూనాని మనం అల్లొచ్చు, ఇంకో ఊరివాళ్ళూ అల్లొచ్చు. జీఐ పేరు ట్యాగు మీద వేసి అమ్మాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోవాలి, ఇక్కడ పుట్టి పెరిగాం కాబట్టి అక్కర్లేదు అనుకోవద్దు.

అపోహ: నమూనా ఉచితం కాబట్టి సరుకు చవగ్గా ఇవ్వాలి.

ఈ మాట వినబడ్డప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే దీని భారం పడేది అల్లే చేతి మీద. నమూనా ఖర్చు లేసు ధరలో ఎప్పుడూ చిన్న ముక్కే. పాత నమూనా అయితే పని ఇంకా పెరుగుతుంది. ఏ దేశం పదాలో చూడాలి, అచ్చుతప్పులు దిద్దాలి, మన దారానికి కొలత మార్చాలి, ముక్క అల్లి విప్పి మళ్ళీ అల్లాలి. ఆ నమూనాల్లో చాలావాటిని తీరిక వేళల్లో ఇంట్లో అల్లుకునేవాళ్ళ కోసం రాశారు, గంట లెక్కన బతికేవాళ్ళ కోసం కాదు, అందుకే 100 నంబరు దారంతో చేతి రుమాలు అంచు అంత ఓపిగ్గా ఉంటుంది. మన దగ్గర పువ్వులు ఒకరు అల్లుతారు, వాటిని అతికేది మరొకరు, ముక్కకి ఇంత అని కూలీ. నమూనా సరిచూసే రోజు ఆ ముక్కల లెక్కలో ఎక్కడా కనబడదు.

అందుకని ఆర్డర్ ఒప్పుకునే ముందే మొదటి శాంపిల్‌కి వేరే రేటు చెప్పండి. ఆ శాంపిల్ అల్లేటప్పుడు ఒక పువ్వుకి, ఒక మూర అంచుకి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకుని, ముక్క కూలీ దాన్ని బట్టి కట్టండి. దిద్దిన నమూనాని తెలుగులో, మీరు ఇంట్లో వాడే మాటల్లో రాసి, కింద అసలు పుస్తకం పేరు, అచ్చయిన ఏడు వేసి ఉంచుకోండి. రేపు కొనేవాళ్ళు ఈ డిజైన్ ఎక్కడిదని అడిగితే చూపించడానికి ఆ కాగితం ఉంటుంది, అతికే అక్కకి ఇవ్వడానికీ అదే పనికొస్తుంది.