పెన్సిల్వేనియా జింకల పేచీ 1907లో మొదలైంది

అమెరికాలోని పెన్సిల్వేనియాలో వేటగాళ్లకూ, వేట నియమాలు చూసే రాష్ట్ర గేమ్ కమిషన్‌కూ నడిచే తగువు పైకి కొమ్ముల గురించే అనిపిస్తుంది. అసలు పేచీ ఆడజింక మీద.

1900 నాటికి అమెరికాలో తెల్లతోక జింక చాలాచోట్ల కనబడకుండా పోయింది. మాంసానికీ తోలుకూ అడ్డూ అదుపూ లేకుండా కాల్చేశారు. పెన్సిల్వేనియా బయటి రాష్ట్రాల నుంచి జింకలను తెప్పించి అడవుల్లో వదిలింది. 1907లో ఆడజింకను కాల్చరాదని చట్టం చేసింది. అప్పటికది సరైన పనే. అదే కాలంలో కలప కంపెనీలు కొండలకు కొండలే నరికేశాయి. నరికినచోట లేచిన చిగుళ్లు జింక నోటికందే ఎత్తులో ఉన్నాయి. తోడేళ్లు అప్పటికే లేవు. మేత బాగుంటే ఈడొచ్చిన ఆడజింక ఏటా కవలల్ని ఈనుతుంది. ఒక్క పోతు చాలా ఆడవాటిని చూలు చేయగలదు గనుక పోతుల్ని ఎన్ని కాల్చినా మంద తగ్గదు. 1920లకే అడవి మోయలేనంతయింది. ఆడవాటి వేటకు అనుమతి ఇచ్చినప్పుడల్లా గొడవే. తాతల నాడు నేర్పిన నీతి మరి, ఒక నోటీసుతో పోతుందా?

నష్టం అడవికి జరిగింది. ఓక్, మేపుల్ మొలకల్ని జింకలు తినేస్తే, అవి ముట్టని ఫెర్న్ అనే పొద నేలంతా కమ్ముకుంటుంది. ఆ నీడలో కొత్త మొలక లేవదు. అందుకే మందను తగ్గించినంత మాత్రాన అడవి తిరిగి రాదు. ఫెర్న్‌ను మందు కొట్టి చంపాలి, ఎనిమిది అడుగుల కంచె వేయాలి.

పెద్ద కొమ్ములు కావాలంటే ముందు ఆడవాటిని తగ్గించి మేత మిగల్చాలి, కుర్ర పోతుల్ని వదిలేయాలి. 1970లలో టెక్సస్‌లో బలపడిన ఆలోచన ఇది. ఏడాదిన్నర పోతుకు ఎముకలే ఇంకా పెరుగుతుంటాయి, కొమ్ములకు మిగిలేది తక్కువ. అవి నిండుగా రావడం అయిదారేళ్ల వయసులో. వయసు చూడాలంటే చచ్చిన జింక కింది దవడలో మూడో నమిలే పన్ను చూస్తారు. దానికి మూడు మొనలుంటే అది ఇంకా పాలపన్నే, ఏడాదిన్నర లోపుదే. రెండు మొనలుంటే అంతకు పైబడింది.

పెన్సిల్వేనియా 2002లో ఈ దారి పట్టింది. అంతకుముందు వేటలో పడే పోతుల్లో పదింట ఎనిమిది ఏడాదిన్నరవే. కొత్త నియమం ప్రకారం పోతును కాల్చాలంటే ఎక్కువ ప్రాంతాల్లో ఒకవైపు కొమ్ముకు కనీసం మూడు మొనలు, పడమటి వైపు నాలుగు ఉండాలన్నారు. దాంతోపాటు ఆడజింకల అనుమతులు పెంచారు. కమిషన్ జీవశాస్త్రవేత్త గ్యారీ ఆల్ట్ ఊరూరా సభలు పెట్టి నచ్చజెప్పాడు, 2004 చివర్లో పదవి వదులుకున్నాడు. పోతుల వయసు పెరిగింది, అడవిలో కనిపించే జింకలు తగ్గాయి. వేటగాడి కంటికి రెండోదే ఆనింది.

మొనల లెక్కకూ ఒక చిక్కుంది. మిస్సిసిపీ 1995లో రెండు కొమ్ములకూ కలిపి నాలుగు మొనలుండాలంది. కుర్ర పోతుల్లో కొమ్ములు బాగా వచ్చినవే ఆ గీత దాటి కాల్పులకు బలయ్యాయి, నాసివి మిగిలాయి. ఆ తరవాత కొన్నిచోట్ల కొమ్ముల సైజు పడిపోయింది.

ఇప్పుడు జింకల మెదడును తినేసే క్రానిక్ వేస్టింగ్ వ్యాధి వచ్చిపడింది. పెన్సిల్వేనియాలో 2012లో బయటపడింది. ముదురు పోతుల్లో అది ఎక్కువ. ఏ పోతుల్ని కాపాడాలని నియమం పెట్టారో అవే దాన్ని మోస్తున్నాయి. మిస్సోరీ ఆ వ్యాధి సోకిన కౌంటీల్లో మొనల నియమం ఎత్తేసింది.