లేత రంగు, గట్టి బీరు: కిటుకంతా కొమ్మల దగ్గరే

"రంగు చూస్తే లేత బంగారం, నోట్లో చాలా తేలిక. సీసా మీద మాత్రం 8.5 శాతం ఆల్కహాల్ అని ఉంది. విడిగా స్పిరిట్ కలుపుతారా?" బెల్జియంలోని బ్రీన్‌డోంక్‌లో మూర్ట్‌గాట్ వాళ్లు చేసే డ్యూవెల్ గురించి ఒక పాఠకుడు ఇలా అడిగారు. ఏమీ కలపరు. మొత్తం చక్కెరను తిని ఆల్కహాల్‌గా మార్చే ఈస్ట్ చేసే పనే.

ముదురు రంగు బీరే ఘాటని చాలామంది గట్టిగా నమ్ముతారు. మాల్ట్‌ను, అంటే మొలకెత్తిన బార్లీని, ఎంత వేడి మీద ఆరబెట్టారో రంగు చెబుతుంది, ఆల్కహాల్ ఎంతో చెప్పదు. 1970 దాకా డ్యూవెల్ కూడా ముదురు రంగులోనే ఉండేది.

తేలికదనం సంగతే నాకు మహా ఇష్టం. లీటరు బీరులో 85 మిల్లీలీటర్ల ఆల్కహాల్ అంటే దాదాపు 67 గ్రాములు. 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి గరిష్ఠంగా 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఆ లెక్కన లీటరుకు కనీసం 130 గ్రాముల చక్కెర కావాలి. అదంతా బార్లీ నుంచే తెస్తే బీరు చిక్కగా, బరువుగా తయారవుతుంది. ఎందుకు?

బడిలో పిండిపదార్థాన్ని గ్లూకోజ్ పూసల దండలా గీసి చూపిస్తారు. కొమ్మలు గీయరు, అసలు కథ ఉన్నది అక్కడే. పిండిలో ఎక్కువ భాగం అమైలోపెక్టిన్, అంటే గుబురు చెట్టు. బార్లీలోని ఈ పిండిని చక్కెరగా విడగొట్టే ఎంజైముల్లో బీటా అమైలేజ్ మేకలాంటిది. కొమ్మ చివర మొదలుపెట్టి రెండేసి గ్లూకోజ్‌ల చొప్పున మాల్టోజ్‌గా కొరుక్కుంటూ వస్తుంది, పంగ దగ్గరికి రాగానే ఆగిపోతుంది. ఆల్ఫా అమైలేజ్ గొడ్డలి. మధ్యలో ఎక్కడపడితే అక్కడ నరికి మేకకు కొత్త చివరలు ఇస్తుంది, కానీ అదీ పంగను చీల్చలేదు. ఆల్ఫా 1,6 బంధమనే ఆ పంగను చీల్చగల లిమిట్ డెక్స్‌ట్రినేజ్ అనే ఎంజైమ్ వేడికి తొందరగా పాడైపోతుంది. చివరికి పంగల ముక్కలు కొన్ని మిగిలిపోతాయి. అవే డెక్స్‌ట్రిన్లు. మామూలు బీరు ఈస్ట్ గ్లూకోజ్, మాల్టోజ్, మాల్టోట్రయోజ్ తింటుంది, వీటిని ముట్టదు. బీరుకు బరువునిచ్చే వాటిలో ఇవి ముఖ్యమైనవి. మాల్ట్ పెంచితే ఇవీ పెరుగుతాయి.

బెల్జియం వాళ్లు పట్టిన దారి ఎంత సూటిగా ఉందో చూడండి. మాల్ట్ వాటా కొంత తగ్గించి ఆ మేరకు నేరుగా చక్కెర వేశారు. చక్కెరలో కొమ్మల్లేవు, కాబట్టి ఈస్ట్ మొత్తం తినేస్తుంది. ఆల్కహాల్ పెరుగుతుంది, చిక్కదనం పెరగదు. పైగా ఆల్కహాల్ సాంద్రత 0.789 మాత్రమే, నీటికన్నా తేలిక.

మరి ఆల్కహాల్‌తో పాటు వచ్చే ఆ కార్బన్ డయాక్సైడ్ వాయువు? మొదటి పులియబెట్టడంలో చాలావరకు గాలిలో కలిసిపోతుంది. అందుకే సీసాలో నింపేటప్పుడు ఇంకాస్త చక్కెర, ఈస్ట్ వేసి మూత బిగిస్తారు. లోపల మళ్లీ పులుస్తుంది, ఈసారి వాయువుకు బయటికి దారి ఉండదు. గ్లాసులో పోయగానే అది బుడగలై తన్నుకొస్తుంది. బుడగ పుట్టడానికి గరుకు చోటు కావాలి. డ్యూవెల్ గ్లాసు అడుగున చెక్కిన 'డి' అక్షరం అందుకే. బుడగల వరస ఆ గీతల మీంచే లేస్తూ పైన నురగను నిలబెడుతుంది.