బాగా తిరిగే బండికి లీజా, కొనుగోలా: అపోహలు - వాస్తవాలు

మనకి మైలేజీ అంటే లీటరుకి ఎంత ఇస్తుందని. లీజు (నెలనెలా అద్దె కట్టి కొన్నేళ్ళు వాడుకుని తిరిగి ఇచ్చే పద్ధతి) కాగితంలో అదే మాటకి అర్థం వేరు: ఏడాదికి ఎన్ని కిలోమీటర్ల వరకు తిప్పుకోవచ్చన్న హద్దు. బెంగళూరులో రోజూ కారు మీదే బతికేవాళ్ళకి చేతి చమురు వదిలేది ఈ రెండో మైలేజీ దగ్గరే.

అపోహ: ఎక్కువ తిరిగేవాళ్ళకి లీజే నయం. బాగా అరగదీసి, గడువు అవగానే తిరిగి ఇచ్చేయొచ్చు.

వాస్తవం: అలా జరగకూడదనే ఆ హద్దు పెట్టారు. వైట్‌ఫీల్డ్‌లో ఇల్లు, ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసు అనుకోండి. ఒకవైపు 30 కి.మీ., నెలకి 22 రోజులు, అంటే ఏడాదికి 15,840. నెలకి రెండుసార్లు అనంతపురం వెళ్ళొస్తే, ఒకవైపు సుమారు 215 చొప్పున ఇంకో 10,320. మొత్తం 26 వేల పైమాటే. ఒప్పందంలో ఏడాదికి 15,000 అని రాసుంటే, నాలుగేళ్ళలో దాదాపు 44,600 కి.మీ. హద్దు దాటిపోతాయి. అదనపు కిలోమీటరుకి 8 రూపాయలు అనుకున్నా మూడున్నర లక్షలు! బండి అప్పగించే రోజు ఒక్కసారిగా వచ్చే బిల్లు అది. సొంత బండైనా అంత తిరిగితే రీసేల్‌లో ధర తగ్గుతుంది, కాదనం. కానీ పన్నెండు లక్షల కారుకి ఆ తేడా మామూలుగా అంత ఉండదు.

లీజే కావాలంటే నెల అద్దె కంటే ముందు మూడు విషయాలు అడగండి. 25,000 లేదా 30,000 కి.మీ. స్లాబు మొదటే తీసుకుంటే అద్దె ఎంత పెరుగుతుంది? హద్దు ఏ ఏడాదికి ఆ ఏడాదే లెక్కా, లేక నాలుగేళ్ళకీ కలిపా? మధ్యలో స్లాబు మార్చుకోవచ్చా? ముందే పెద్ద స్లాబు తీసుకోవడం, చివర్లో జరిమానా కట్టడం కంటే సాధారణంగా చవక. జవాబు మెయిల్‌లో తీసుకోండి, ఫోన్లో చెప్పింది పనికిరాదు.

అపోహ: లీజంటే రిపేర్లన్నీ కంపెనీవే.

వాస్తవం: మెయింటెనెన్స్ ప్యాకేజీ కలిపి ఉంటేనే. అందులోనూ ఎన్ని సర్వీసులు, ఎన్ని టైర్లు అన్నది రాసి ఉంటుంది. చాలా కార్లకి 10,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందైతే అది సర్వీసు గడువు. 26 వేలు తిరిగే బండికి ఏడాదికి రెండు మూడు సర్వీసులు పడతాయి. 'ఏడాదికి ఒకటి' ప్యాకేజీ దీనికి చాలదు.

టైర్ల సంగతి ఇంకా చిక్కు. ఒక సెట్టు 45 వేల కి.మీ. వచ్చిందనుకుంటే మొదటి మార్పు 45 వేల దగ్గర, రెండోది 90 వేల దగ్గర. అంటే బండి తిరిగి ఇవ్వడానికి ఆరేడు నెలల ముందు కొత్త సెట్టు. అది తప్పించుకుందామని అరిగినవాటితోనే లాగితే, చట్టం అడిగే 1.6 మి.మీ. ట్రెడ్ లోతు కూడా మిగలదు, అప్పగింత తనిఖీలో కోత తప్పదు. క్లచ్, బ్రేక్ ప్యాడ్లు 'అరుగుదల' కింద రాసి పక్కన పెట్టేశారేమో కూడా చూడండి. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో క్లచ్ మీద కాలు పెట్టి నడిపేవాళ్ళకి ఆ ఒక్క పంక్తే ఖరీదు.

అపోహ: వారంటీ ఉంది కదా, భయం లేదు.

వాస్తవం: 3 ఏళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు అని ఉంటే ఏది ముందైతే అదే. ఏడాదికి 40 వేలు తిరిగితే రెండున్నరేళ్ళకే అయిపోతుంది. లీజు నాలుగేళ్ళయితే మిగిలిన ఏడాదిన్నర ఖర్చు ఎవరిదో ఒప్పందంలో వెతకండి. కొనేవాళ్ళు పొడిగింపు వారంటీలో ఏళ్ళు కాదు, కిలోమీటర్లు చూడాలి.

అపోహ: లీజులో రోడ్డు ట్యాక్స్ ఉండదు.

వాస్తవం: అద్దెలో కలిసిపోయి ఉంటుంది. కర్ణాటకలో జీవితకాల పన్ను మామూలుగానే బరువు. పది నుంచి ఇరవై లక్షల మధ్య పెట్రోలు, డీజిలు కారుకి 17 శాతం, దాని మీద సెస్సు. సొంతదారు ఎనిమిదేళ్ళు ఉంచుకుంటే ఆ పన్ను ఎనిమిదేళ్ళ మీద సర్దుకుంటుంది. లీజుదారు దాన్ని అద్దెలో కట్టి, నాలుగేళ్ళు వాడి వెళ్ళిపోతాడు. ఊళ్లో కొని ఏపీ నంబరుతో ఇక్కడే తిప్పుదామనుకునేవాళ్ళకి ఒక మాట: వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడ తిరిగి రిజిస్ట్రేషన్ చేయించాలి. పన్నూ ఇక్కడే కట్టాలి.

అపోహ: ఆఫీసు లీజైతే (కంపెనీ ద్వారా తీసుకునే లీజు) పన్ను ఆదా, లెక్క చూడక్కర్లేదు.

వాస్తవం: 30 శాతం ఆదాయపు పన్ను స్లాబులో ఉన్నవాళ్ళకి ఇది నిజంగా లాభమే. అద్దె జీతంలోంచి పన్నుకి ముందే పోతుంది. తిరకాసు ఉద్యోగం మారినప్పుడు. కొత్త కంపెనీ ఆ లీజు తీసుకోకపోతే బండి కొనుక్కోవాలి, లేదంటే ముందస్తు రద్దు చార్జీలు కట్టి వదిలేయాలి. ఎక్కువ తిరిగేవాళ్ళకి ఇందులో ఒక దారి మాత్రం ఉంది. గడువు తీరాక, ముందే నిర్ణయించిన ధరకి బండి మనమే కొనుక్కుంటే చాలా ఒప్పందాల్లో అదనపు కిలోమీటర్ల చార్జీ పడదు. ఆ ధరా, ఆ షరతూ సంతకానికి ముందే కాగితం మీద ఉండాలి.

అపోహ: ఖాళీగా ఉన్నప్పుడు అద్దెకి తిప్పి కిస్తీ రాబట్టుకోవచ్చు.

వాస్తవం: తెల్ల బోర్డు (సొంత వాడకానికి రిజిస్టరైన) బండి అద్దెకి తిప్పడం చట్టవిరుద్ధం. ఆ ట్రిప్పులో ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ తిరస్కరించొచ్చు, లీజు కంపెనీ ఒప్పందమే రద్దు చేయొచ్చు.