ఒకే పొయ్యి, నలుగురి జవాబులు: సర్వే విశ్లేషణలో ఇంటి పాత్రపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో సామాజిక సర్వేల సమాచారాన్ని విశ్లేషించే పనిలో ఉన్న నాకు, శిక్షణకు వచ్చే యువ పరిశోధకుల నోట కొన్ని అభిప్రాయాలు తరచుగా వినిపిస్తుంటాయి. జవాబిచ్చిన మనిషిని లెక్కలోకి తీసుకుని, ఆ మనిషి బతుకుతున్న ఇంటిని వదిలేయడమే వాటన్నిటికీ మూలం.

అపోహ: 4,000 మందిని అడిగాం కనుక 4,000 స్వతంత్ర సమాధానాలు వచ్చాయి.

వాస్తవం: బోరబండలో ఒక ఇంట్లో నలుగురిని విడివిడిగా కూర్చోబెట్టి, కుళాయి నీళ్ళు ఎన్ని రోజులకొకసారి వస్తాయని అడిగితే, వచ్చేది ఒకే జవాబు, నాలుగుసార్లు. ఆరోగ్యం, ఓటు, ఆడపిల్లల చదువు వంటి విషయాల్లో పోలిక అంత పూర్తిగా ఉండదు గాని, ఒకే సంపాదన మీద, ఒకే వంట మీద, ఒకే పెద్దల మాట మీద నడిచే ఇంట్లో అది లేకుండానూ పోదు. సర్వే గణాంకవేత్త లెస్లీ కిష్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ప్రకారం, ఇంటికి నలుగురు చొప్పున అడిగి, వారి జవాబుల మధ్య సహసంబంధం (పోలికే లేకపోతే 0, పూర్తిగా ఒకటే అయితే 1) 0.3 అనుకుంటే, 1 + (4 − 1) × 0.3 = 1.9 వస్తుంది; అడిగిన వారి సంఖ్యను దీనితో భాగించాలి. అంటే ఆ 4,000 మంది ఇచ్చే సమాచారం, వేర్వేరు ఇళ్ళ నుంచి తీసుకున్న సుమారు 2,100 మంది ఇచ్చేదానికి సమానం. సగటు అంచనాలో ప్రామాణిక దోషం (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత) దాదాపు 38 శాతం పెరుగుతుంది.

ఈ లెక్క సగటుకే వర్తిస్తుంది. ఒకే ఇంటి భార్యాభర్తల జవాబుల తేడాను కొలిచేటప్పుడు, వారి మధ్య పోలిక ఎంత ఎక్కువైతే అంచనా అంత కచ్చితంగా వస్తుంది. అక్కడ ఇంటిని విస్మరిస్తే ఉన్న తేడాను లేదని తేల్చే ప్రమాదం ఉంది. ఈ రెండో పొరపాటే నన్ను ఎక్కువగా బాధిస్తుంది, ఎందుకంటే ఆడవారి జవాబుల్లోని ప్రత్యేకత చాలాసార్లు అక్కడే మరుగునపడుతుంది.

అపోహ: వెయిట్లు (ఒక్కో జవాబుకు లెక్కలో ఇచ్చే ప్రాధాన్యం) వేశాం, అది చాలు.

వాస్తవం: ఎంపికయ్యే అవకాశంలోని హెచ్చుతగ్గులను వెయిట్లు సరిచేస్తాయి. జవాబుల మధ్య పోలికను అవి ముట్టుకోవు.

అపోహ: గ్రామం లేదా వార్డు స్థాయిలో క్లస్టర్ చేశాం (అక్కడివారి జవాబులను ఒక గుంపుగా లెక్కగట్టాం) కనుక ఇంటి సంగతి అవసరం లేదు.

వాస్తవం: ఇది సగం నిజం. ఇళ్ళు ఆ ప్రాంతాల లోపలే ఉంటాయి కనుక ప్రామాణిక దోషం వరకు ఆ పద్ధతి సరిపోతుంది. కానీ వ్యక్తి, ఇల్లు, ప్రాంతం ప్రభావాలను విడదీసి చూపే బహుళస్థాయి మోడల్‌లో ఇంటి స్థాయిని తీసేస్తే, ఇంటికి చెందిన వ్యత్యాసం కొంత వ్యక్తి ఖాతాలోకీ, కొంత ప్రాంతం ఖాతాలోకీ పోయి, బస్తీ ప్రభావం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు. ఇంటి స్థాయిని విడిగా చూడాలంటే సమాచారం కూడా సహకరించాలి: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 6,36,699 ఇళ్ళ నుంచి 7,24,115 మంది మహిళలు జవాబిచ్చారు, అంటే ఇంటికి సగటున 1.14 మాత్రమే. ఇద్దరు, ముగ్గురు మహిళలు మాట్లాడిన ఇళ్ళే ఇంటి లోపలి తేడాను మనకు చెప్పగలవు.

అపోహ: ఇంటికి ఒక్కరినే అడిగితే ఏ చిక్కూ ఉండదు.

వాస్తవం: ఇంట్లో ఎవరిని అడగాలో నిర్ణయించే పట్టికను కిష్ 1949లోనే ప్రకటించారు. అలా ఎంచినా, ఐదుగురు అర్హులున్న ఉమ్మడి కుటుంబంలోని కోడలికి దక్కే అవకాశం ఐదో వంతే కనుక, ఆమె జవాబుకు ఆ మేరకు వెయిటు పెంచాలి. గృహహింస ప్రశ్నలను ఇంటికి ఒక్క మహిళనే అడగడం ఆమె భద్రత కోసం, అది తప్పనిసరి. కానీ అక్కడ ఇంటి ప్రభావాన్నీ, వ్యక్తి ప్రభావాన్నీ విడదీయగలమని అనుకోకూడదు.

అపోహ: సర్వేలో ఇల్లంటే రక్తసంబంధం.

వాస్తవం: జాతీయ నమూనా సర్వేలకు ఇల్లంటే కలిసి ఉంటూ ఒకే వంటింట్లో తినేవారు. ఇంట్లోనే ఉండి తినే పనిమనిషి ఆ ఇంటి సభ్యురాలు. అమీర్‌పేట హాస్టల్‌లో ఒకే గదిలో ఉండే ముగ్గురు, సంపాదన కలిపి ఖర్చు పెట్టుకోకపోతే, మూడు వేర్వేరు ఇళ్ళు. ఆ ముగ్గురి జవాబుల్లో పోలిక కనిపిస్తే దాన్ని ఏ స్థాయికి చేర్చాలన్నది, ఫైలు తెరిచే ముందే నిర్వచనం చదివి తేల్చుకోవలసిన విషయం.