స్టీలు పీచుతో అంట్లు: అపోహలు, వాస్తవాలు

రావులపాలెం దగ్గర వంట సామాను అద్దెకిచ్చే దుకాణం మాది. పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు వెళ్ళిన గుండిగలు, గంగాళాలు, బూరెల మూకుళ్ళు తిరిగి వచ్చాక తోమించి మళ్ళీ వరుసలో పెట్టడమే మా పనిలో పెద్ద భాగం. ముహూర్తాల రోజుల్లో తోమే మనుషులు దొరకరు. దొరికినవారు ముందుగా అడిగేది స్టీలు పీచు. అది అడగడం తప్పని నేను అనను. దాని మీద పెరిగిపోయిన నమ్మకాలతోనే నాకు పేచీ.

అపోహ: ఎంత గట్టిగా రుద్దితే మాడు అంత త్వరగా వదులుతుంది.

వాస్తవం: మాడులో రకాలున్నాయి. కాజాల పాకం గట్టిపడి గిన్నెకు అంటుకుంటే అది చక్కెరే కదా, వేడినీళ్ళు పోసి ఊరుకుంటే తనంతట తానే కరిగిపోతుంది. దాన్ని చెమటలు కక్కుతూ పీచుతో గీకేవారిని చూస్తే నవ్వాలో జాలిపడాలో తెలియదు. అన్నమో పరమాన్నమో అడుగంటితే గోరువెచ్చని నీళ్ళు పోసి రాత్రంతా వదిలేయాలి. పిండిపదార్థం నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, తెల్లారేసరికి చెక్క గరిటెతో తోస్తే ఊడివస్తుంది. పాలు, గుడ్డు అంటిన గిన్నెకు మాత్రం మొదట చన్నీళ్ళే. వేడినీళ్ళు పోస్తే వాటిలోని మాంసకృత్తులు ఇంకా బిగుసుకుంటాయి.

అసలు మొండిది నూనె. బూరెలు, గారెలు వేయించిన మూకుడు అంచున ముందు పసుపుగా, పోనుపోను నల్లగా పేరుకునే పొర మామూలు జిడ్డు కాదు. నూనె వేడికి, గాలికి రూపం మారి వార్నిష్‌లాగా గట్టిపడితే ఏర్పడే పొర అది. నీళ్ళలో నానబెట్టినా, సబ్బు పెట్టినా కదలదు. స్టీలు మూకుడైతే వాషింగ్ సోడా కలిపిన నీళ్ళు అందులో మరిగించి, పొర మెత్తబడ్డాక పీచు అందుకోవాలి. పీచుకు నిజంగా పని ఉన్నది ఇక్కడే. సోడా నీళ్ళు చేతులను కూడా తినేస్తాయి కాబట్టి రబ్బరు తొడుగులు వేసుకోవాలి.

అపోహ: స్టీలు గిన్నెకు స్టీలు పీచుతో నష్టమేమీ లేదు.

వాస్తవం: బజారులో రెండు రకాలు అమ్ముతారు. మెలికలు తిరిగిన మెరిసే చుట్ట స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినది. సన్నటి పోగులతో బూడిదరంగులో ఉండేది మామూలు ఉక్కు, తడిగా వదిలితే ఇట్టే తుప్పు పడుతుంది. ఆ పోగుల తునకలు గిన్నె గరుకులో చిక్కుకుని మరునాటికి ఎర్రటి మచ్చలవుతాయి. అప్పుడు గిన్నె నాసిరకమని అమ్మినవాడి మీదికి వెళతారు. తుప్పు పట్టింది పీచు, మాట పడేది గిన్నె!

స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. వంట పాత్రలకు వాడే 304 రకంలో అది సుమారు 18 శాతం ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆ క్రోమియమే కంటికి కనిపించని పలుచని పొరగా గిన్నెను కాపాడుతుంది. గీత పడినచోట కూడా ఆ పొర మళ్ళీ ఏర్పడుతుంది. కనుక గీతలు పడిన స్టీలు గిన్నెలో వండితే విషమన్న ప్రచారాన్ని పట్టించుకోనక్కరలేదు. మెరుపు మాత్రం పోతుంది. గరుకెక్కిన అడుగుకు తరువాతి వంట ఇంకా తొందరగా అంటుకుంటుంది కూడా.

ఇంకో మాట. అంతర్వేది వైపు, సముద్రపు అంచున ఉన్న ఊళ్ళలో చాలా బోర్ల నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళు గిన్నెలో రాత్రంతా నిలిస్తే ఉప్పులోని క్లోరైడు పొరను తొలిచి సూదిమొనంత గుంటలు చేస్తుంది. వాటిని మరకలనుకుని పీచుతో ఎంత అరగదీసినా పోవు. ఉప్పునీళ్ళతో తోమక తప్పకపోతే చివర ఒక్కసారి మంచినీళ్ళతో కడిగి, తుడిచి, బోర్లించండి.

అపోహ: అల్యూమినియం గిన్నె తళతళలాడితేనే శుభ్రమైనట్టు.

వాస్తవం: దాని మీద ఉండే మసక పొరే దానికి రక్షణ. పీచుతో తోముతున్నప్పుడు చేతికి అంటుకునే నల్లటి నీళ్ళు మురికి అనుకుంటారు. అందులో చాలావరకు అరిగిన లోహమే. అలా తోమిన వెంటనే చింతపండు పులుసు పెడితే లోహం అందులోకి తేలికగా దిగుతుంది. వాషింగ్ సోడా అయితే ఈ గిన్నెల దగ్గరికే రానివ్వకూడదు, అది లోహాన్నే తినేస్తుంది.

అపోహ: ఇత్తడికి పీచు పెడితే బంగారంలా మెరుస్తుంది.

వాస్తవం: బయటివైపు మెరుపుకు చింతపండు పిప్పి, కాస్త ఉప్పు చాలు. అసలు గొడవ లోపలివైపు. ఇత్తడి సామానుకు పేరుపడ్డ అజ్జరంలో గుండిగ కొన్నవారైనా, తాతల నాటి గంగాళం ఉన్నవారైనా లోపల తెల్లగా కనిపించే కళాయిని చూసుకోవాలి. అది తగరం పూత. తగరం 232 డిగ్రీలకే కరిగే మెత్తటి లోహం, స్టీలు పీచుకు ఏమాత్రం ఆగదు. పూత పోయి లోపల పసుపు తేలిన గుండిగలో పులుసు కాస్తే రాగి అందులోకి దిగుతుంది. తిన్నవారికి కడుపులో తిప్పడం, వాంతులు తప్పకపోవచ్చు. అలాంటి గుండిగను మేము కళాయి వేయించేవరకూ బయటికి పంపము. కళాయి వేసేవారు కరువైపోతున్న ఈ రోజుల్లో పీచు ఖరీదు పది రూపాయలేనని మురిసిపోవడం నాకు అర్థం కాదు.

అపోహ: పూర్వం బూడిదతో తోమేవారు, గీతలే పడేవి కావు.

వాస్తవం: పడేవి. మన రైసు మిల్లుల నుంచి వచ్చే ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుక జాతిదే. కట్టెల బూడిదకు మాత్రం క్షారగుణం ఉంది, అది జిడ్డును విడగొడుతుంది. అది మెచ్చుకోవలసిందే.

అపోహ: నాన్‌స్టిక్ పెనాన్ని నెమ్మదిగా రుద్దితే ఫరవాలేదు.

వాస్తవం: వద్దు. పొయ్యి మీది గాజు పలకకూ వద్దు.

అపోహ: లోహం కాబట్టి పీచుకు క్రిములు పట్టవు.

వాస్తవం: మెలికల మధ్య ఇరుక్కున్న మెతుకుకు, దాన్ని పట్టుకున్న తడికి లోహమని తెలియదు. పని అయ్యాక పీచును దులిపి, మరిగే నీళ్ళలో ముంచి, ఎండలో వేలాడదీయాలి. సబ్బు గిన్నెలో నానుతూ వదిలితే మరునాటికే వాసన వస్తుంది. పోగులు రాలడం మొదలైన పీచును ఆ పూటే పారేయాలి. కూరలో కలిసిన స్టీలు పోగు కంటికి ఆనదు, నాలుకకో గొంతుకో గుచ్చుకున్నప్పుడే తెలుస్తుంది. అందుకే మా గుండిగలతో స్టీలు పీచు పంపము. అడిగినవారికి కొబ్బరి పీచు కట్టలు ఇస్తాము, కోనసీమలో డొక్కలకు కొదవ లేదు. మొండి మూకుళ్ళుంటే తోమకుండానే తిరిగి పంపమంటాము, తోముడు కూలి విడిగా తీసుకుంటాము.