మైలేజ్ స్క్రూ కాదు, ఫ్యూయల్ స్క్రూ: అపోహలు - వాస్తవాలు

2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారిపోయాయి. అయినా కార్బరేటర్ ఉన్న స్ప్లెండర్లు, ప్యాషన్లు, పల్సర్లు, యూనికార్న్‌లు మన రోడ్ల మీద ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. వాటి కార్బరేటర్‌లో గాలి-పెట్రోల్ మిశ్రమాన్ని సరిచేసే ఒక చిన్న ఇత్తడి స్క్రూ గురించి ఎవరికి తోచింది వాళ్లు చెబుతుంటారు. చెయ్యి సరిగా ఆనని చోట ఉండే ఆ స్క్రూను ఊహ మీద తిప్పడం వల్లే చాలా బండ్లు పాడవుతున్నాయి.

అపోహ: దాన్ని టైట్ చేస్తే మైలేజ్ పెరుగుతుంది

ఈ స్క్రూ పని అంతా ఐడ్లింగ్‌లోనూ (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజిన్ నడిచేటప్పుడు), యాక్సిలరేటర్ తిప్పిన మొదటి పావు వంతు లోపలా ఉంటుంది. ఆపైన పెట్రోల్‌ను నడిపేవి స్లైడ్‌కు (కార్బరేటర్‌లో పైకి లేచి గాలి దారి తెరిచే ముక్క) ఉన్న సూది, పెట్రోల్ వచ్చే సన్న రంధ్రమున్న మెయిన్ జెట్. హైవే మీద 60 వేగంతో పోయేటప్పుడు ఇంజిన్ తాగే పెట్రోల్‌లో ఈ స్క్రూ వాటా చాలా తక్కువ. మైలేజ్ కోసమని బిగిస్తే మిశ్రమం పలచబడుతుంది. పొద్దున్నే స్టార్ట్ కాదు, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది, యాక్సిలరేటర్ వదలగానే సైలెన్సర్‌లో పటపట మంటుంది. అది కప్పిపుచ్చడానికి ఐడ్లింగ్ పెంచుతారు, చౌక్ సగం వేసుకుని తిరుగుతారు. ఆదా అయిందనుకున్న పెట్రోల్ అక్కడే పోతుంది.

అపోహ: ఏ బండికైనా బయటకు తిప్పితే పెట్రోల్ ఎక్కువవుతుంది

స్క్రూ ఎటువైపు ఉందో ముందు చూడాలి. స్లైడ్‌కు ఇంజిన్ వైపు ఉంటే అది ఫ్యూయల్ స్క్రూ: బయటకు తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది, లోపలికి తిప్పితే తగ్గుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది ఎయిర్ స్క్రూ: అన్నీ తారుమారు. ఈ తేడా తెలియక చేసిన ట్యూనింగ్ మొత్తం వెనక్కి నడుస్తుంది.

ఇంకో తికమక, స్క్రూ కార్బరేటర్ అడుగున ఉన్నప్పుడు. కుడికి తిప్పితే బిగుసుకోవడం అనేది స్క్రూ తలను ఎదురుగా చూసినప్పటి లెక్క. తల నేలవైపు ఉంటే, సీటు పక్కన నిలబడి పైనుంచి చూసేవాళ్లకు అదే తిప్పుడు ఎడమకు తిరిగినట్టు కనిపిస్తుంది. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్‌ను కింద నుంచి చూస్తున్నట్టు మనసులో పెట్టుకుని తిప్పండి.

అపోహ: చెయ్యి ఆనకపోతే కార్బరేటర్ దించాల్సిందే

ప్రతిసారీ అవసరం లేదు. కార్బరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే బౌల్‌కూ ఇంజిన్‌కూ మధ్య సందులో మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. 25 మి.మీ. పొడవున్న పావు అంగుళం బిట్ ఒకటి తీసుకుని, పావు అంగుళం స్పానర్‌తోనో చిన్న బిట్ రాట్చెట్‌తోనో తిప్పితే చాలా బండ్లలో పని అయిపోతుంది. తొంభై డిగ్రీల వంపు ఉన్న స్క్రూడ్రైవర్లు కూడా దొరుకుతాయి. వాటిలో కొన్నింటికి లోపల పళ్లచక్రాల వల్ల పిడి ఒక వైపు తిరిగితే బిట్ మరో వైపు తిరుగుతుంది. సందులో పెట్టే ముందే బయట ఒకసారి తిప్పి చూడండి. స్క్రూ గాటుకు ఒక కొసన పెయింట్ చుక్క పెడితే, చిన్న అద్దంలో చూసి పావు చుట్టు తిరిగిందో అర చుట్టు తిరిగిందో తేలిగ్గా చెప్పొచ్చు. పక్కనే సిలిండర్, సైలెన్సర్ పైపు మరిగిపోతుంటాయి. మోచేతి దాకా మందపాటి గుడ్డ చుట్టుకోండి.

కార్బరేటర్ రెండు వైపులా రబ్బరుకు క్లాంపులతో ఉంటే, వాటిని వదులు చేసి పక్కకు కాస్త వంచితే స్క్రూ బయటకు కనిపిస్తుంది. కానీ వంచిన స్థితిలో ఇంజిన్ నడిపి సెట్టింగ్ తేల్చకండి. బౌల్‌లో పెట్రోల్ మట్టం మారిపోయి ఉంటుంది. తిప్పాక నిటారుగా పెట్టి, క్లాంపులు బిగించి, అప్పుడు వినాలి. రెండు నట్లతో ఇంజిన్‌కు బిగించిన రకమైతే వంగదు, అప్పుడు దించక తప్పదు.

కొన్నింటికి స్క్రూ మీద ఇత్తడి మూత కొట్టి ఉంటుంది. అది తీసేది కార్బరేటర్ దించాకే. డ్రిల్ బిట్‌కు కొసనుంచి రెండు మూడు మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టి, మూతకు చిన్న రంధ్రం చేసి, అందులో చిన్న స్క్రూ ఒకటి ఎక్కించి లాగాలి. లోతుగా పోతే ఫ్యూయల్ స్క్రూ తలే పోతుంది.

అపోహ: రెండున్నర చుట్లు పెడితే ఏ బండికైనా సరిపోతుంది

చుట్ల లెక్క మొదలుపెట్టడానికి మాత్రమే. ముందు ఇప్పుడున్న స్థితిని రాసుకోండి: మెల్లగా లోపలికి తిప్పుతూ అడుగు తగిలే దాకా ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టాలి. తగిలాక ఒక్క పిసరు కూడా బిగించకూడదు. స్క్రూ కొన సూదిలా ఉంటుంది. బలం చేస్తే కొన విరిగి రంధ్రంలోనే ఉండిపోతుంది, లేదా అల్యూమినియం గుంత వెడల్పయిపోతుంది. రెంటికీ చివరికి కొత్త కార్బరేటరే దిక్కు.

తర్వాత ఒకటిన్నర నుంచి రెండు చుట్లు బయటకు తీసి, బండిని పది నిమిషాలు రోడ్డు మీద నడిపి వేడెక్కించండి. చౌక్ పూర్తిగా తీసేయాలి, యాక్సిలరేటర్ కేబుల్‌కు కొద్దిగా ఆట ఉండాలి. ఐడ్లింగ్ వేగం మార్చే వేరే స్క్రూ (ఐడ్లింగ్ స్క్రూ)తో ఐడ్లింగ్‌ను 1500 ఆర్పీఎం దగ్గర పెట్టి, ఫ్యూయల్ స్క్రూను పావు చుట్టు చొప్పున లోపలికి తిప్పుతూ పోండి. ప్రతిసారీ ఐదారు సెకన్లు ఆగాలి, ఇంజిన్ వెంటనే స్పందించదు. ఒకచోట శబ్దం తడబడి ఆర్పీఎం పడిపోతుంది. అక్కణ్నుంచి బయటకు వస్తే పెరుగుతుంది, ఒక గరిష్ఠానికి చేరుతుంది, ఇంకా తీస్తే శబ్దం బరువెక్కి మళ్లీ తగ్గుతుంది. ఆ రెండు తగ్గుదలల మధ్య ఎక్కువగా తిరిగే చోటే స్క్రూ స్థానం. ఆ తర్వాత ఐడ్లింగ్ స్క్రూతో కంపెనీ చెప్పిన ఆర్పీఎంకు దించండి. చాలా 100 సీసీ బండ్లకు అది 1400 చుట్టూ ఉంటుంది. గాలితో చల్లబడే ఇంజిన్ కాబట్టి నిలబెట్టి నాలుగైదు నిమిషాలకు మించి నడపొద్దు.

చివరి పరీక్ష: యాక్సిలరేటర్ గబుక్కున ఇచ్చి వదలండి. ఇవ్వగానే తటపటాయించినా, వదిలాక ఆర్పీఎం పైనే వేలాడి ఆలస్యంగా దిగినా మిశ్రమం పలచన, స్క్రూను అరపావు బయటకు తియ్యండి. ఐడ్లింగ్ కంటే కిందికి పడి మళ్లీ లేస్తే చిక్కన, అరపావు లోపలికి తిప్పండి.

అపోహ: స్ప్రింగు ఒక్కటుంటే చాలు

స్క్రూకు వరసగా స్ప్రింగు, వాషర్, ఓరింగ్ (చిన్న రబ్బరు చుట్ట) ఉండాలి. ఓరింగ్ కొన వైపు రావాలి. అది పాతబడి గట్టిపడినా, లోపలే అతుక్కుపోయి కొత్తదాని మీద రెండోది పడినా సెట్టింగ్ నిలవదు. దొంగ గాలి లాగి ఐడ్లింగ్ రోజుకో రకంగా ఉంటుంది.

అపోహ: ఈ20 పెట్రోల్‌కు ఈ స్క్రూ విప్పితే సరిపోతుంది

ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగ్‌లో మిశ్రమం కొంచెం పలచబడడం నిజమే. స్క్రూ పావు చుట్టు తీస్తే ఐడ్లింగ్ కుదుటపడొచ్చు. సూది, మెయిన్ జెట్ పరిధిలో మాత్రం ఈ స్క్రూతో మార్పేమీ ఉండదు.

అపోహ: స్క్రూ తిప్పినా తేడా రాకపోతే స్క్రూ పోయినట్టే

ముందు ఐడ్లింగ్ స్క్రూ చూడండి. అది బాగా ఎక్కి ఉంటే స్లైడ్ పైకి లేచి, ఇంజిన్ వేరే దారిన పెట్రోల్ లాగుతుంటుంది. అది సరిగా ఉంటే ఇంజిన్‌కూ కార్బరేటర్‌కూ మధ్య రబ్బరు పగుళ్లు చూడాలి. మూడు చుట్లు దాటినా గరిష్ఠం దొరకకపోతే పైలట్ జెట్ (ఐడ్లింగ్‌కు పెట్రోల్ ఇచ్చే చిన్న జెట్) పూడింది, లేదా చిన్నది వేశారు. ముప్పావు చుట్టుకే గరిష్ఠం వస్తే జెట్ పెద్దది. జెట్‌ను వెలుతురుకు పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా కనబడాలి. కార్బరేటర్ క్లీనర్ కొట్టి గాలి ఊదండి. సూదితోనో తీగతోనో పొడిస్తే రంధ్రం సాగిపోతుంది, ఆ తర్వాత ఏ చుట్టు దగ్గరా ఐడ్లింగ్ కుదరదు.